ఎదుటివాని కన్నులలో మన దీపము

ఖమ్మము నుండి భద్రాచలము వరకు సాగు అడవిదారిలో, బజారున కొని బిగించిన జెనాన్ హెడ్‌లైట్లు ఏల చెడుచున్నవి? చెడినప్పుడు దోషమును ఏ క్రమమున వెదుకవలెను? చక్కగా వెలుగుచున్నను వాటివలన ఇతరులకు కలుగు చేటు ఎట్టిది?

ఖమ్మము నుండి బయలుదేరి, మిరపచేలను, మామిడితోటలను దాటి, ఏన్కూరు, జూలూరుపాడుల మీదుగా కొత్తగూడెము చేరి, అచ్చట 30వ జాతీయ రహదారిని కలిసికొని, పాల్వంచ గడచి, సారపాక కాగితపు మిల్లు ప్రక్కనుండి గోదావరి వంతెన నెక్కి భద్రాద్రి రాముని సన్నిధికి చేరు మార్గము పగటివేళ ఎంత మనోహరమో, ప్రొద్దు గ్రుంకిన వెనుక అంత కఠినపరీక్ష. సింగరేణి బొగ్గును మోయు టిప్పర్లు, మిల్లునకు జామాయిలు, సుబాబులు దుంగలను చేరవేయు లారీలు, జగదల్‌పూరు వైపునుండి కుంట, చింతూరుల మీదుగా వచ్చు దూరప్రయాణపు బండ్లు, ముక్కోటికిని శ్రీరామనవమికిని తరలివచ్చు యాత్రికుల కార్లు, వీటన్నిటి నడుమ వెనుకదీపమైనను లేని సైకిళ్లు, సంతనుండి గూడెమునకు కాలినడకను మరలు కోయ కుటుంబములు, వెచ్చదనము కోరి తారురోడ్డుపై పండుకొను పశువులు, ఇన్నిటిని ఒక్క చీకటి కప్పియుండగా, వానిని వేరుపరచి చూపవలసిన భారమంతయు బండి ముందరి రెండు దీపములపైననే పడుచున్నది. పాల్వంచ చేరువనున్న కిన్నెరసాని అభయారణ్యము 635 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించినది. అడవిపందియో చుక్కలదుప్పియో రోడ్డునకు అడ్డము వచ్చుట ఈ ప్రాంతమున వింత కాదు.

ఇట్టి దారిలో తిరుగువాడు తన కారు దీపము చాలదని తలచుట సహజము. అట్లు తలచినవాడు ఉపకరణముల దుకాణమునకు పోవును. అచ్చటివారు హాలోజెన్ బల్బును ఊడదీసి, దాని స్థానమున జెనాన్ బల్బును, దానికి తోడుగా ఒక చిన్న లోహపు పెట్టెను, నాలుగు వైర్లను అమర్చి పంపివేయుదురు. మొదటి రాత్రి తెల్లని వెలుగును చూచి యజమాని మురిసిపోవును. కొన్ని మాసములు గడచిన పిదప ఒక ప్రక్క దీపము రెపరెపలాడును. లేదా గులాబి వన్నెకు తిరుగును. లేదా వానలో తడిసి పూర్తిగా ఆరిపోవును. అంతట "అన్నా, ఈ పక్క లైటు పోయింది, బల్బు మార్చు" అని ఎలక్ట్రీషియను నొద్దకు వచ్చును. బల్బు మారును; జబ్బు మాత్రము మారక కొలదిదినములలోనే మరల తలయెత్తును. ఏలయనగా జెనాన్ దీపమునందు బల్బు ఒక భాగము మాత్రమే. రోగము పెక్కుమారులు దానియందుండక, దానికి విద్యుత్తును చేర్చు మార్గమునందును, దానిని మనము బలవంతముగా దూర్చిన డూమునందును ఉండును. ఈ సంగతి తెలియనంత కాలము యజమాని డబ్బు పోవుచునేయుండును, దారి చీకటిగనే మిగులును.

తీగ లేని దీపము

హాలోజెన్ బల్బులో టంగ్‌స్టన్ తీగ కాగి వెలుగునిచ్చును. జెనాన్ బల్బులో తీగయే లేదు. క్వార్ట్జ్‌తో చేసిన చిన్న గుళికలో ఎదురెదురుగా నిలిచిన రెండు ఎలక్ట్రోడుల నడుమ విద్యుత్తు తెగక ప్రవహించుచు ప్రకాశించును. రామ్సే, ట్రావర్స్ అను ఇరువురు రసాయనశాస్త్రజ్ఞులు 1898లో కనుగొనిన జెనాన్ వాయువు ఈ గుళికయందు తొలిక్షణపు వెలుగునిచ్చుటకై యున్నది. అటుపిమ్మట సోడియము, స్కాండియము మొదలగు లోహముల లవణములు వేడికి ఆవిరియై, కొన్ని సెకన్లలో దీపమును పూర్ణప్రకాశమునకు తెచ్చును. 1991లో జర్మనీ దేశపు బీఎండబ్ల్యూ 7 సిరీస్ కారుతో ఈ దీపము తొలుత వాహనములకెక్కెను; క్రమక్రమముగా ఖరీదైన కార్ల అలంకారమై, ఆ పిదప చౌక నకళ్లుగా మన పట్టణముల దుకాణములకు దిగివచ్చెను.

దీనిని వెలిగించుటకు కారు బ్యాటరీలోని 12 వోల్టులు చాలవు. బల్బు ప్రక్కన బిగించు బ్యాలస్టు అను పెట్టె ఆ 12 వోల్టులను గ్రహించి, 20,000 వోల్టులకు పైబడిన పోటుగా మార్చి వాయువును రగిలించును. రగిలిన పిదప సుమారు 85 వోల్టుల వద్ద, 35 వాట్ల శక్తితో జ్వాలను నిలుకడగా నిలుపును. నిలుకడగా వెలుగునప్పుడు అది బ్యాటరీనుండి మూడు, మూడున్నర ఆంపియర్లకు మించి గ్రహింపదు. కాని రగిలించు మొదటి కొన్ని సెకన్లలో అంతకు ఎన్నో రెట్ల కరెంటును ఒక్కసారిగా లాగుకొనును. నడిచినంత కాలము నిశ్చింతగా నడిచి, స్విచ్చి వేసిన క్షణముననే మొరాయించు దీపముల రహస్యమంతయు ఈ ఒక్క వాక్యమున ఇమిడియున్నది. సన్నని పాత వైరు ఆ తొలి ఆకలిని తీర్చలేక వోల్టేజిని జారవిడుచును, బ్యాలస్టు ప్రయత్నించి విరమించును, మరల ప్రయత్నించును, చూచువానికి దీపము కన్నుగీటుచున్నట్లు తోచును.

వెలుగు పరిమాణమున వ్యత్యాసము స్వల్పము కాదు. మన దేశపు కార్లలో విరివిగా కనబడు హెచ్4 హాలోజెన్ బల్బు డిమ్‌లో ఇంచుమించు 1,000 ల్యూమెన్ల వెలుగునిచ్చును. కర్మాగారమున అమర్చు డీ2ఎస్ తరగతి జెనాన్ బల్బు 3,200 ల్యూమెన్లనిచ్చును. కర్మాగారపు బల్బు వన్నె 4,300 కెల్విన్ల చుట్టుప్రక్కల నుండును. బజారులో 6,000, 8,000 అని పెట్టెపై ముద్రించి అమ్మునవి నీలివన్నె కలవి. అంకె పెరిగినకొలది వెలుగు పెరుగునని కొనువారు భ్రమపడుదురు గాని, పెరుగునది నీలిమయే. ఉపయోగపడు వెలుగు తగ్గును.

దీపము ఒకటి, డూము వేరొకటి

హెడ్‌లైటు డూములోని అద్దము యాదృచ్ఛికముగా మెరయుచున్న గిన్నె కాదు. తీగ ఏ బిందువున నుండునో, ఎంత పొడవుండునో, దాని క్రింది భాగమును ఏ లోహపు తొడుగు కప్పియుండునో, మిల్లీమీటరులో భిన్నముల వరకు లెక్కించి, ఆ వెలుగు రోడ్డుపై పడి, ఎదుటివాని కన్నులకు క్రిందుగా ఒక స్పష్టమైన రేఖ వద్ద తెగిపోవునట్లు దానిని తీర్చియుందురు. హెచ్4 బల్బులో డిమ్ తీగ క్రింద చిన్న లోహపు దొన్నె ఉండుట ఇందులకే. అది లేనిచో అద్దపు దిగువ భాగమునుండి వెలుగు పైకెగయును. జెనాన్ జ్వాల తీగవలె సరళముగా నుండదు. కొంచెము పైకి వంగి, రెండు కొనల వద్ద అధికముగా ప్రజ్వలించును. దానిని హాలోజెన్ డూములో నిలుపుట, ఎకరము పొలమునకు త్రవ్విన బోదెలోనికి సాగర్ కాలువ నీటిని వదలుట వంటిది. నీరు ఎక్కువయ్యెనని రైతు సంతసించునంతలో గట్టు తెగి ప్రక్కచేను మునిగిపోవును.

ఇచ్చట యజమానిని మోసపుచ్చు లక్షణములు రెండు గలవు. దారి కిరువైపుల టేకుచెట్ల కొమ్మలు సైతము తెల్లగా వెలిగిపోవుచుండగా తన దీపము గొప్పదని అతడు గర్వించును; చెట్టుకొనపై పడిన వెలుగు రోడ్డుపై పడవలసినదని గ్రహింపడు. రెండవది, బండి ముందర పది గజములలో అధికమైన వెలుగు పడుటచే అతని కంటిపాప ముడుచుకొనును. అందుచే దూరమునందలి చీకటి మరింత చిక్కనై, అవసరమైన తావున అతనికి ఏమియు కానరాదు. ఎదుటివాని దుస్థితి చెప్పనక్కరలేదు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకనుకు 17 మీటర్ల దూరము సాగును. కన్ను చెదరి తేరుకొనుటకు మూడు సెకన్లు పట్టినచో 50 మీటర్ల దారిని అతడు గ్రుడ్డిగా నడపినట్లే. వయస్సు మీరినవారికి తేరుకొనుటకు ఇంకను ఎక్కువ కాలము పట్టును. 1965లో రాకపోకలకు తెరచిన భద్రాచలము వంతెనపై ఎదురెదురుగా రెండు బండ్లు కలిసినప్పుడు ఇరువైపుల పిట్టగోడలే. ప్రక్కకు తొలగుటకు తావులేదు.

పూర్వము మన లారీలకు, బస్సులకు హెడ్‌లైటు అద్దము నడుమ నల్లరంగు చుక్క పెట్టెడివారు. అది మొరటు ఉపాయమే. కాని ఎదుటివానికి కూడ కన్నులున్నవని గుర్తించిన ఉపాయము.

దోషమును వెదుకు క్రమము

దీపము చెడినప్పుడు చేయదగిన మొదటి పని వస్తువు కొనుట కాదు, ఇంజనును, దీపపు స్విచ్చిని ఆపి, బ్యాటరీ నెగెటివ్ టెర్మినలును విప్పి, కొన్ని నిమిషములు వేచియుండుట. బ్యాలస్టు నుండి బల్బునకు పోవు వైరులోని పోటు ప్రాణాంతకము కాగలదు; దీపము వెలుగుచుండగా ఆ కప్లర్లను పట్టుకొనరాదు. బల్బు గాజును వ్రేళ్లతో తాకరాదు. చేతిజిడ్డు అంటిన తావున గాజు అధికముగా కాగి పగులును. డూములోనుండి బయటికి తీసిన బల్బును వెలిగించి నేరుగా చూడరాదు.

పిమ్మట అడుగవలసిన ప్రశ్న: ఆరినది ఒక దీపమా, రెండునా? రెండును ఒక్కమారే ఆరినచో రెండు బల్బులు ఒకేసారి చచ్చుట అరుదు గనుక, రెండింటికి ఉమ్మడియైన వానినే మొదట అనుమానింపవలెను: ఫ్యూజు, రిలే, బ్యాటరీనుండి వచ్చు ప్రధాన వైరు, స్విచ్చి. ఒక ప్రక్క మాత్రమే ఆరినచో ఖర్చు లేని పరీక్ష ఒకటి కలదు. కుడి బల్బును ఎడమకు, ఎడమ బల్బును కుడికి మార్చవలెను. చీకటి బల్బుతో కూడ ప్రక్క మారినచో దోషము బల్బుదే; చీకటి ఉన్నచోటనే నిలిచినచో బల్బు నిర్దోషి. అప్పుడు బ్యాలస్టులను అట్లే తారుమారు చేసి చూడవలెను. అప్పటికిని చీకటి కదలనిచో మిగిలినది వైరింగు ఒక్కటే. ఈ పరీక్షను చేయక ముందే దుకాణమునకు పరుగెత్తువారు మంచి బల్బును పారవేసి మంచి బల్బునే కొనుచున్నారు.

మూడవది ఎర్త్. మన వాతావరణమున, విశేషించి బొగ్గుదుమ్మును, వానబురదను మోయు దారులలో, బ్యాలస్టు నల్లవైరును రంగు పూసిన రేకుపై ఒక స్క్రూతో బిగించి వదలుట వలన కలుగు పీడలకు లెక్కలేదు. రంగు విద్యుత్తును సాగనీయదు; స్క్రూ చుట్టును త్రుప్పు చేరును. మల్టీమీటరును తీసికొని, దీపము రగులుచుండగా బ్యాలస్టు నల్లవైరునకును బ్యాటరీ నెగెటివ్ కొనకును నడుమ వోల్టేజి చూడవలెను. అర వోల్టునకు మించి కనబడినచో ఎర్త్ చెడినది. రేకును తెల్లబడునట్లు గీకి, గట్టిగా బిగించి, పైన గ్రీజు పూసినచో పెక్కు దీపములు మందు లేకుండనే బ్రదికివచ్చును. అదే రీతిగా పాజిటివ్ వైపు జారుబాటును కొలువవలెను. ఇంజను నడుచుచుండగా బ్యాటరీ వద్ద 13.8 నుండి 14.4 వోల్టుల వరకు ఉండదగును; అది లేనిచో ఆల్టర్నేటరును, బెల్టును చూడవలెనే గాని దీపమును నిందింపరాదు.

నాలుగవది, కొత్త కార్లకే ప్రత్యేకమైన వ్యాధి. వీటియందు కంప్యూటరు బల్బు బాగున్నదో లేదో కనిపెట్టుటకు చిన్న చిన్న విద్యుత్ స్పందనలను పంపుచుండును. కొన్నిటిలో దీపమునకు పోవు విద్యుత్తునే తునకలు తునకలుగా తెంచి పంపును. తీగబల్బు దానిని సహించును, బ్యాలస్టు సహింపదు. ఫలితముగా దీపము రెపరెపలాడును, లేదా డ్యాష్‌బోర్డుపై బల్బు పోయినదని హెచ్చరిక వెలుగును. దీనికి బజారులో అమ్ము రెసిస్టరు మిక్కిలి వేడెక్కునది. దానిని ప్లాస్టిక్కునకు ఆనించి కట్టుట అగ్నిని ఆహ్వానించుటయే. బ్యాటరీనుండి నేరుగా, ఫ్యూజు, రిలేలతో కూడిన వేరు వైరింగు వేయుట ఉత్తమము. జపాను సంప్రదాయపు కార్లు కొన్నిటిలో స్విచ్చి పాజిటివ్‌ను గాక ఎర్త్‌ను తెంచి కలుపును. అట్టి బండికి తగని రిలే తీగలకట్టను బిగించినచో ఏ దోషము లేకున్నను దీపము వెలుగదు.

ఇక లక్షణమును బట్టి తెలియదగినవి. వెలుగు గులాబి, ఊదా వన్నెలకు తిరిగినచో గుళికలోని లవణములు క్షీణించినవని, బల్బు ఆయువు తీరినదని అర్థము. అప్పుడు రెండు బల్బులను కలిపి మార్చవలెను, లేనిచో రెండు కన్నులు రెండు రంగులుగ నుండును. దీపము వెలిగినంతనే ఎఫ్‌ఎం రేడియో గరగరలాడినచో బ్యాలస్టు రక్షణకవచము నాసిది. బ్రైటు వేసినను డిమ్ వెలుగే నిలిచినచో, లేదా డిమ్ వేసినను బ్రైటు దిగకున్నచో, హెచ్4 కిట్టులో బల్బును ముందువెనుకలకు జరుపు అయస్కాంతపు యంత్రము దుమ్ముతో బిగుసుకొనినది. ఇది అన్నిటిలో ప్రమాదకరము, ఏలయనగా యజమాని డిమ్ చేసితిననుకొనును, ఎదుటివాడు అతనిని తిట్టుకొనును. పూర్ణప్రకాశమునకు వచ్చుటకే సమయము పట్టు దీపమును మాటిమాటికి ఆర్పి వెలిగించి డిప్పరు కొట్టుట కూడ దాని ఆయువును హరించును.

వాన, మంచు, బరువు

గోదావరి తీరమున వానకాలము దీపములకు ప్రథమశత్రువు. కిట్టు బిగించువారు డూము వెనుక మూతకు రంధ్రము చేసి వైరును దూర్చుదురు. ఆ రంధ్రమును రబ్బరుతో సరిగా మూయనిచో తేమ లోనికి పోయి అద్దముపై ఆవిరిగా పేరుకొనును, మెరుగును తినివేయును. బ్యాలస్టును చక్రపు గుంటలోనో బంపరు అడుగునో వ్రేలాడదీయుటయు, ఇంజను వేడికి ఆనించి కట్టుటయు సమానమైన తప్పులే. అది నీటి చిమ్ముడు తగులని యెత్తున, గట్టి రేకునకు బిగింపబడి, కప్లరు నోరు క్రిందికి తిరిగియుండవలెను.

చలికాలపు తెల్లవారుజామున నదిమీదినుండి లేచు మంచులో ఈ దీపముల శక్తియే శాపమగును. మంచుబిందువు కాంతితరంగముకంటె ఎంతో పెద్దది గనుక ఏ రంగు వెలుగునైనను ఇంచుమించు ఒకే తీరున వెనుకకు చెదరగొట్టును. పసుపుపచ్చని దీపము మంచును చీల్చునన్న నమ్మకము నిజము కాదు. మంచులో మేలు చేయునది రంగు కాదు, క్రిందుగా అమర్చబడి, పైభాగమున రేఖ గీచినట్లు తెగిపోవు వెలుగు. డూములో చెదరిన జెనాన్ వెలుగు సరిగా దీనికి విరుద్ధము. నడుపువాని ముందర తెల్లని గోడ నిలుపును.

బరువు సంగతి యాత్రికులు మరవరాదు. వెనుక సీటున నలుగురు, డిక్కీలో సామాను ఉన్నప్పుడు కారు వెనుకకు క్రుంగి ముక్కు పైకి లేచును. దానితో వెలుగును లేచును. డ్యాష్‌బోర్డుపై 0 నుండి 3 వరకు అంకెలతో నుండు చిన్న చక్రము ఇందుకొరకే యున్నది. 2,000 ల్యూమెన్లకు మించిన దీపములకు ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనలు స్వయముగా వాలును సవరించుకొను యంత్రమును, అద్దమును కడుగు నీటిచిమ్మెను తప్పనిసరి చేసినవి. బజారు కిట్టుతో ఈ రెండింటిలో ఏదియు రాదు.

చట్టము చెప్పునది

1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళిలోని 106వ నియమము ప్రకారము, దీపమునకు 8 మీటర్ల దూరమున, దాని కుడి అంచుకు అర మీటరు కుడివైపున, 1.5 మీటర్ల ఎత్తున కన్నులు గలవానిని చెదరగొట్టని విధముగా వెలుగు ఎల్లప్పుడు క్రిందికి వాలియుండవలెను. మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను తయారీదారుని నిర్దేశమునకు భిన్నమైన మార్పులను నిషేధించుచున్నది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ సంగతినే దృఢపరచినది. అదే సంవత్సరపు సవరణచే చేరిన 182ఎ సెక్షను క్రింద, అనుమతి లేని ప్రతి మార్పునకును యజమానికి 5,000 రూపాయల జరిమానాగాని, ఆరు నెలల వరకు జైలుగాని, రెండునుగాని విధింపవచ్చును. కర్మాగారమునుండియే జెనాన్ దీపములతో, వానికి తగిన లెన్సుతో వచ్చిన బండికి ఈ చిక్కు లేదు.

సరియైన మందు

ఇన్ని రోగములకు మూలమైన ప్రశ్నకే మరలి రావలెను: అసలు హాలోజెన్ దీపము ఏల చాలకపోయెను? పెక్కు పాత కార్లలో దీపపు కరెంటంతయు సన్నని వైరుద్వారా స్విచ్చివరకు పోయి తిరిగి వచ్చును. దారిలో వోల్టేజి జారును. తీగబల్బు స్వభావమేమనగా, వోల్టేజి నూటికి పది తగ్గినచో వెలుగు నూటికి ముప్పది వరకు తగ్గును. దీనికి తోడు ఏండ్ల యెండకు ప్లాస్టిక్ డూము పసుపువారి మసకబారియుండును. ఈ రెండింటిని సరిచేయక, దీపమునే మార్చితిమి. రోగము ఒకచోట, మందు వేరొకచోట. డూమును పాలిషు చేయించి, లావైన వైరు, రిలే, మంచి ఎర్త్ వేయించి, పేరుగల కంపెనీ 60/55 వాట్ల హాలోజెన్ బల్బును బిగించినచో ఈ అడవిదారికి చాలినంత వెలుగు వచ్చును. బజారు ఎల్‌ఈడీ కిట్టులను కొనువారికిని ఇదే మాట. పేరు మారెను గాని డూము మారలేదు.

ఏ దీపమునైనను సరిచేసిన పిమ్మట, సమతలమున గోడకు 10 మీటర్ల దూరమున కారును నిలిపి డిమ్ వేసి చూడవలెను. వెలుగు పై రేఖ దీపపు ఎత్తుకంటె 10 నుండి 15 సెంటీమీటర్లు దిగువన నుండవలెను. రేఖ ఎడమవైపునకే పైకి లేవవలెను. కుడివైపునకు లేచినచో ఆ డూము కుడిప్రక్క నడచు దేశములకై చేసినది; మన దారికి తగదు. రేఖయే కనబడక వెలుగు గోడంతయు ప్రాకినచో, ఎంత ఖరీదు పెట్టి కొనినదైనను ఆ బల్బును ఆ డూమునుండి తీసివేయుటయే న్యాయము.

ముక్కోటికో నవమికో భద్రాద్రికి బయలుదేరు ప్రతి యజమానియు, టైర్లలో గాలి చూచుకొనునట్లు, ముందురోజు సాయంకాలము ఈ గోడపరీక్షను చేసికొనవలెనని మా విన్నపము. దానికి కావలసినది ఒక గోడ, ఒక కొలబద్ద, పది నిమిషముల తీరిక మాత్రమే.